ఫిజిక్స్ ప్రొఫెసర్ పోస్టు పడితే మనం ఏం అడగాలి?

(అనంతగిరిలో డిగ్రీ విద్యార్థులతో, యువజనులతో మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్లు అడిగారు కాబట్టి పూర్తి పాఠం ఇక్కడ పెడుతున్నాం.)



మనం ఇలా నలుగురం కూర్చుంటే మామూలుగా పోడు పట్టాల గురించి మాట్లాడుకుంటాం, 1/70 గురించి మాట్లాడుకుంటాం, డోలీ మోతల గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను ఒకే ఒక్క ఉద్యోగం గురించి మాట్లాడతాను. యూనివర్సిటీలో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పే ఫిజిక్స్ విభాగం ఉందనుకోండి. అందులో ఒక ప్రొఫెసర్ పోస్టు. ఆ పోస్టు ఎలా పడుతుంది, ఎవరు నింపుతారు, మన పేరు ఎక్కడ ఆగిపోతుంది, మనం ఏం అడగాలి? ఇంతే విషయం.

"మా ఊరికి రోడ్డే లేదు, ఫిజిక్స్ ప్రొఫెసర్‌తో మాకేం పని?" అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికే జవాబు చెప్తాను.

ఈ మండలం పేరు దేశంలో లాయర్లందరికీ తెలుసు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద మొదలైన కేసే సమతా కేసు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడానికి లేదని చెప్పింది. అప్పుడు మనకు చట్టం చదివినవాళ్లు కావాల్సి వచ్చారు. చట్టం తెలిసినవాళ్లు మన పక్కన నిలబడ్డారు కాబట్టి కోర్టు దాకా వెళ్లగలిగాం.

ఇప్పుడు వస్తున్నవి వేరే రకం కాగితాలు. మన మండలంలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. కింద ఒక చెరువు, కొండ మీద ఒక చెరువు. కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడతారు, కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. పేపర్లో "1000 మెగావాట్లు" అని వస్తుంది. గ్రామసభలో ఆ అంకె చదివి వినిపిస్తారు. మనం తల ఊపుతాం, లేకపోతే అడ్డంగా ఊపుతాం. ఆ అంకెకు అర్థం మాత్రం ఎవరూ అడగరు.

ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌తోనే చూద్దాం రండి. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక టన్ను బరువు. ఆ టన్ను నీటిని సుమారు 367 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తే, అందులో నిలవ ఉండేది ఒక యూనిట్. ఒకటంటే ఒకటే. 1000 మెగావాట్లు 6 గంటల పాటు ఇవ్వాలంటే 60 లక్షల యూనిట్లు. నష్టాలేవీ లెక్కలోకి తీసుకోకపోయినా, ఆ ఎత్తులో 60 లక్షల టన్నుల నీళ్లు కావాలి. అంటే 0.2 టీఎంసీకి కాస్త పైన. ఎత్తు సగమైతే నీళ్లు రెట్టింపు. పైగా, తోడడానికి 100 యూనిట్లు ఖర్చు పెడితే తిరిగి వచ్చేది 75 నుంచి 80 యూనిట్లే. ఒకసారి నింపాక అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి, నిజమే. కానీ ఆ మొదటి నింపుడు ఏ గెడ్డ నుంచి? ఎండాకాలంలో ఆవిరైపోయిన నీటిని మళ్లీ ఏ గెడ్డ నుంచి తెస్తారు? ఎన్ని గంటల కరెంటు, ఎంత ఎత్తు, ఎంత నీరు?

ఈ ప్రశ్నలు గ్రామసభలో లేచి అడిగే పిల్ల మన ఊళ్లో ఉంటే చాలు, సభ తీరే మారిపోతుంది. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది గ్రామసభ తేల్చుకుంటుంది. కానీ లెక్క తెలిసి తేల్చుకోవడం వేరు, తెలియక తేల్చుకోవడం వేరు. ఫిజిక్స్ మాస్టారితో మనకు పని అందుకే.

ఇక రెండో మాట. ఎలాంటి మాస్టారు కావాలి?

మన పిల్ల ఇంట్లో కువి మాట్లాడుతుంది, లేదా ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది. ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదువుతుంది. డిగ్రీకి వచ్చేసరికి అంతా ఇంగ్లీష్. మూడు భాషలు దాటి క్లాసులో కూర్చుంటుంది. అక్కడ మాస్టారు బోర్డు మీద ఫోర్స్, ఎనర్జీ, పవర్ అని రాస్తారు. పాఠ్యపుస్తకం తెలుగులో వీటిని బలం, శక్తి, సామర్థ్యం అంటారు. ఊళ్లో మనం ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతాం: "వాడికి బలం ఉంది, శక్తి ఉంది, సామర్థ్యం ఉంది" అంటే ఒకటే అర్థం. ఫిజిక్స్‌లో మూడూ మూడు వేరు వేరు విషయాలు. ఇందాక చెప్పిన మెగావాటు సామర్థ్యం, యూనిట్ శక్తి. ఈ తేడా పట్టుకోలేకపోయిన పిల్ల మొదటి సెమిస్టర్‌లోనే వెనకబడుతుంది. తనకు తెలివి లేదనుకుంటుంది. నిజానికి ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే అసలు కారణం.

డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పడం పీహెచ్‌డీ విద్యార్థికి గైడ్‌గా ఉండడం లాంటిది కాదు. పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు ఎలాగోలా నిలబడ్డవాడు. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల ఇంకా నిలబడలేదు. ఆ పిల్లకు కొండ మీద నుంచే ఫిజిక్స్ మొదలుపెట్టి చెప్పొచ్చు. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు 100 డిగ్రీలకు కాదు, సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కొండ మీద పప్పు ఉడకడానికి ఎక్కువ సేపు పట్టేది అందుకే. చలికాలం రాత్రి ఆకాశంలో మబ్బు లేకపోతే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, తెల్లారేసరికి అరకులో పొగమంచు. కిరండూల్ లైను సొరంగంలో రైలు కూత ఎందుకు అలా మారుమోగుతుందో చెప్పినా ఒక పాఠమే. ఇవన్నీ మన పిల్లలు రోజూ చూసేవి. వీటిలో నుంచి సూత్రం బయటకు లాగి చూపించగలిగినవాళ్లు మనకు కావాలి.

పరిశోధన వద్దని నేను అనడం లేదు. పరిశోధన లేని మాస్టారి పాఠం పదేళ్లకు పాచిపోతుంది. కానీ డిగ్రీ పిల్లలే ఎక్కువగా ఉండే విభాగానికి వచ్చే ప్రొఫెసర్, డిగ్రీ పిల్లలను కూడా కలుపుకునే పరిశోధన చేయగలగాలి. కోట్ల రూపాయల యంత్రం ఉంటే తప్ప పని నడవని మనిషి వస్తే, ఆ యంత్రం ఎప్పటికీ రాదు, ఆయన పని నడవదు, నాలుగేళ్లకు బదిలీ కోసం చూస్తారు. అదే వానను, పొగమంచును, గాలి తేమను కొలిచే మనిషి వస్తే? కాఫీ, పసుపు ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ మీద పనిచేసే మనిషి వస్తే? ఫోన్‌లో ఉండే సెన్సార్లతో ప్రయోగాలు చేయించే మనిషి వస్తే? మన పిల్లలు రెండో సంవత్సరంలోనే కొలతలు తీస్తారు, గ్రాఫులు గీస్తారు, తమ ఊరి గురించి తామే రాస్తారు.

అమెరికాలో డిగ్రీ చదువుకే ప్రాధాన్యం ఇచ్చే చిన్న కాలేజీలు చాలా ఉన్నాయి. అక్కడ ఫిజిక్స్ పోస్టుకు వచ్చిన అభ్యర్థి కాలేజీలోనే ఒకటి రెండు రోజులు గడుపుతారు. నిజమైన క్లాసులో, నిజమైన విద్యార్థులకు పాఠం చెప్తారు. విద్యార్థులతో కూర్చుని మాట్లాడతారు. తర్వాత విద్యార్థుల అభిప్రాయం కూడా అడుగుతారు. మన దగ్గర ఇంటర్వ్యూ ఎంతసేపు ఉంటుందో, దాన్ని ఎవరు చూస్తారో మీకు తెలుసు.

ఇప్పుడు మూడో మాట: మన దగ్గర నిబంధనలు ఏం చెప్తున్నాయి?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి, పదేళ్ల అనుభవం ఉండాలి, కనీసం 10 పరిశోధన పత్రాలు ఉండాలి, రీసెర్చ్ స్కోరు 120 దాటాలి. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 8 ఏళ్లు, 7 పత్రాలు, 75 స్కోరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం, మనకు 5 శాతం సడలింపు, ఆపైన నెట్ గానీ సెట్ గానీ. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న షరతును 2023లో తీసేశారు.

అసిస్టెంట్ పోస్టుకు పిలిచేవాళ్ల జాబితా తయారుచేయడానికి 100 మార్కుల పట్టిక ఒకటి ఉంది. యూనివర్సిటీలకు పెట్టిన పట్టికలో డిగ్రీ, పీజీ మార్కుల శాతానికే 40 దాకా పోతాయి. పీహెచ్‌డీకి 30. పాఠం చెప్పిన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున, ఎంత చెప్పినా 10 మించవు. అవి కూడా పోస్ట్ డాక్టోరల్ పనితో కలిపి. అంటే, ఇంగ్లీష్ అర్థంకాక మొదటి ఏడాది తడబడిన మన పిల్లకు ఇరవై ఏళ్ల వయసులో వచ్చిన శాతం ముప్పై ఐదేళ్ల వయసులో కూడా వెంటాడుతుంది. ఈ మధ్యలో కొండ మీద కాలేజీలో పదేళ్లు పాఠం చెప్పినా 10 మార్కులే.

ఇంకో మెలిక ఉంది. ఆ మార్కులు పిలవడానికి మాత్రమే. చివరి ఎంపిక అంతా ఇంటర్వ్యూ మీదే. అంటే అంతా ఆ గదిలోనే తేలుతుంది. గదిలో వైస్ చాన్సలర్ ఉంటారు, సబ్జెక్టు నిపుణులు ముగ్గురు ఉంటారు, డీన్, విభాగాధిపతి ఉంటారు, కేంద్ర యూనివర్సిటీ అయితే విజిటర్ పంపిన మనిషి ఉంటారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళా, వికలాంగ అభ్యర్థులు దరఖాస్తు పెట్టి ఉండి, కమిటీలో ఆ వర్గం వాళ్లెవరూ లేకపోతే, ఆ వర్గాల నుంచి ఒక అధ్యాపకుణ్ణి కూర్చోబెట్టాలని నిబంధన ఉంది. ఒక్క మనిషితో అన్ని వర్గాలనూ సరిపెట్టేయకుండా, ఎస్టీ అభ్యర్థి వచ్చిన రోజు ఎస్టీ అధ్యాపకులే ఉండాలని మనం అడగాలి.

అవే నిబంధనల్లో మనకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. క్లాసు గది వాతావరణంలో పాఠం గానీ సెమినార్ గానీ చెప్పించి అభ్యర్థి బోధన సామర్థ్యాన్ని చూడొచ్చని ఉంది. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మనం పట్టుకోవాలి.

ఇక నాలుగో మాట. రోస్టర్. దీన్ని కాస్త నెమ్మదిగా వినండి, ఎందుకంటే మన పేరు ఆగిపోయేది ఇక్కడే.

రిజర్వేషన్ శాతాన్ని పోస్టుల వరస సంఖ్యగా మార్చేదే రోస్టర్. 4వ పోస్టు ఓబీసీది, 7వది ఎస్సీది, 14వది ఎస్టీది. మనది 7.5 శాతం కాబట్టి పద్నాలుగు దాకా ఆగాలి. అయితే ఈ వరస దేనికి కట్టాలి? మొత్తం యూనివర్సిటీకా, ఒక్కో విభాగానికా?

2017లో అలహాబాద్ హైకోర్టు విభాగమే యూనిట్ అంది. 2018 మార్చి 5న యూజీసీ అలాగే ఆదేశాలిచ్చింది. ఇప్పుడు మన ఫిజిక్స్ విభాగం తీసుకోండి. సాధారణంగా ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్, నలుగురు అసిస్టెంట్. నాలుగు అసిస్టెంట్ కుర్చీల్లో 14వ నియామకం ఎప్పుడొస్తుంది? నలుగురూ మూడుసార్లు పూర్తిగా మారాక. ఒక్కొక్కరు ముప్పై ఏళ్లు పనిచేస్తే, తొంభై ఏళ్ల తర్వాత. ప్రొఫెసర్ కుర్చీ ఒకటే కాబట్టి, పదముగ్గురు ప్రొఫెసర్లు వచ్చి వెళ్లాక పద్నాలుగో మనిషి మనవాడు. మీ మనవడి మనవడు దరఖాస్తు పెట్టుకోవాలి.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు. అప్పుడు దేశమంతా ఎస్సీ, ఎస్టీ, బీసీ సంఘాలు, అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు. 2019 మార్చి 5న భారత్ బంద్. రెండు రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది చట్టమైంది. ఇప్పుడు కేంద్ర విద్యాసంస్థల్లో మొత్తం సంస్థే యూనిట్. గుర్తుపెట్టుకోండి, ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

కానీ పద్నాలుగు మాత్రం పద్నాలుగుగానే ఉండిపోయింది. ఒక కొత్త యూనివర్సిటీలో ప్రొఫెసర్ పోస్టులు పద్నాలుగు కంటే తక్కువ మంజూరైతే, ఈ లెక్కలో మొదటి దఫాలో ఎస్టీ ప్రొఫెసర్ ఒక్కరూ రారు. ఆ యూనివర్సిటీ గిరిజన యూనివర్సిటీ అయినా అంతే.

మనకు గిరిజన యూనివర్సిటీ ఉంది కదా. 2014 విభజన చట్టంలో రాసిన హామీ అది. 2019లో చట్టం అయింది, విజయనగరంలో తాత్కాలికంగా మొదలైంది. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత క్యాంపస్‌కు 2023 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. తెలంగాణలో ములుగు దగ్గర సమ్మక్క సారక్క పేరుతో వచ్చింది కూడా ఆ హామీలోదే. ఘాట్ దిగి ఎస్.కోట మీదుగా వెళ్తే మన పిల్లలు చేరుకునే దూరంలోనే ఉంది. బోర్డు మీద గిరిజన అని రాయడం తేలిక. స్టాఫ్ రూమ్‌లో గిరిజనులు ఉండడమే కష్టం. కాబట్టి గిరిజన యూనివర్సిటీలకు మామూలు 7.5 శాతం, మామూలు పద్నాలుగో స్థానం సరిపోవని, వాటికి వేరే లెక్క కావాలని మనం పార్లమెంటు సభ్యుల్ని అడగాలి.

అయితే నూటికి నూరు అడగడం మాత్రం ఇప్పుడు దారి కాదు. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంత టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ దెబ్బ మనకింకా మానలేదు. అది బడి టీచర్లకు సంబంధించింది, యూనివర్సిటీకి కాదు. కానీ అందులో ఒక పాఠం ఉంది: కోర్టులో నిలబడే రూపంలో అడగాలి, చేతిలో ఉన్నదాన్ని జారిపోనివ్వకూడదు.

చేతిలో ఉన్నది ఎలా జారిపోతోందో చూడండి. 2025 జూలైలో రాజ్యసభలో కేంద్రం చెప్పిన లెక్క: కేంద్ర యూనివర్సిటీల్లో ఎస్టీలకు మంజూరైన ప్రొఫెసర్ పోస్టులు 144, నింపినవి 24. అంటే 83 శాతం ఖాళీ. రోస్టర్‌లో మన వంతు వచ్చింది, ప్రకటన పడింది, మనవాళ్లు వెళ్లారు, "తగినవారు దొరకలేదు" అని రాసి ఫైలు మూసేశారు. మళ్లీ ప్రకటన, మళ్లీ అదే మాట. పోస్టు కాగితం మీద మనదే. కుర్చీ ఖాళీ. పాఠం ఒక గెస్ట్ లెక్చరర్ చెప్తారు, ఆయనకు వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు. ఇలా మిగిలిన పోస్టుల్ని జనరల్‌లోకి మార్చే వీలు గురించి యూజీసీ ముసాయిదా ఒకటి వచ్చి గొడవైంది. 2024 జనవరిలో అలాంటిదేమీ జరగదని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది.

"మీలో ఫిజిక్స్ పీహెచ్‌డీలు ఎంతమంది ఉన్నారు?" అని అడుగుతారు. తప్పించుకోకుండా జవాబు చెప్దాం. తక్కువే ఉన్నారు. ఈ రోజు ప్రొఫెసర్ కావాలంటే పదేళ్ల కిందటే అధ్యాపకులై ఉండాలి. పదేళ్ల కిందట ఆ పోస్టులో మనవాళ్లను తీసుకోలేదు. అప్పుడు తీసుకోకుండా, ఇప్పుడు అనుభవం లేదంటే ఎలా? అందుకే ప్రొఫెసర్ పోస్టు కోసం కొట్లాడేవాళ్లు అసిస్టెంట్ పోస్టు మీద ఇంకా గట్టిగా కన్నేయాలి. ఇవాళ్టి అసిస్టెంటే రేపటి ప్రొఫెసర్.

"మరి ఆదివాసీ కాని మంచి మాస్టారు వస్తే వద్దంటారా?" అనీ అడుగుతారు. ఎందుకంటాం? మనలో చాలామందికి చదువు చెప్పింది అలాంటివాళ్లే. మనం అడిగేది రెండు వేరు వేరు విషయాలు. మన వంతు పోస్టు మనతో నింపండి. మిగతా పోస్టుల్లో మన పిల్లలకు పాఠం చెప్పగలిగినవాళ్లను తీసుకోండి. రెండూ అడుగుదాం, ఒకదాన్ని చూపించి రెండోది ఎగ్గొట్టనివ్వొద్దు.

ఇక చేయాల్సిన పనులు చెప్తాను, రాసుకోండి.

ఒకటి. ఏ యూనివర్సిటీలో ప్రకటన పడినా రోస్టర్ రిజిస్టర్ కాపీ సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏ పోస్టు ఎన్నో నంబరు, ఎస్టీ నంబర్లలో ఏవి ఎప్పటి నుంచి ఖాళీ అన్నది అందులో ఉంటుంది.

రెండు. ఫిజిక్స్ పోస్టు ప్రకటనలో డిగ్రీ విద్యార్థులకు బోధించిన అనుభవం, స్థానిక భాషల పరిచయం, డిగ్రీ పిల్లలతో చేయగల పరిశోధన, ఇవి కోరదగిన అర్హతలుగా రాయమని విద్యార్థి సంఘాలు ముందే వినతిపత్రం ఇవ్వాలి. ప్రకటన పడ్డాక అరిస్తే లాభం లేదు.

మూడు. ఇంటర్వ్యూలో డెమో క్లాసు డిగ్రీ విద్యార్థుల ముందు పెట్టమని, విద్యార్థుల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోమని అడగండి.

నాలుగు. "తగినవారు లేరు" అని రాస్తే ఎవరెవరు దరఖాస్తు పెట్టారు, ఎవరిని పిలిచారు, ఏ కారణంతో కాదన్నారు అన్నది రాతలో చెప్పమనండి. జవాబు రాకపోతే జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాయండి. రాజ్యాంగం 338ఏ అధికరణం కింద ఏర్పడిన సంస్థ అది, ఫిర్యాదు వినడం దాని పని.

ఐదు. ఇది ఇక్కడున్న ఎమ్మెస్సీ పిల్లలకు. నెట్ రాయండి. ఎస్టీ విద్యార్థుల పీహెచ్‌డీ చదువుకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 కొత్త ఫెలోషిప్‌లు ఇస్తుంది. వాటిలో ఫిజిక్స్ దరఖాస్తులు మన కొండల నుంచి వెళ్లాలి. ప్రకటన చూసి "మనకెక్కడ వస్తుందిలే" అని వదిలేస్తే, ఎవరూ దరఖాస్తే పెట్టలేదని రాసుకునే అవకాశం వాళ్లకు మనమే ఇచ్చినట్టు.

చివరగా ఒక పాత సంగతి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు ఉంది. ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడని గౌరవంగా చెప్పుకుంటారు. గొప్ప దానమే. 1930లలో అక్కడే సూరి భగవంతం గారు ముప్పై దాటకముందే ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యారు, దేశానికి పేరు తెచ్చారు. కానీ జయపురం సంస్థానం అంటే ఏమిటి? ఈ తూర్పు కనుమల కొండలు. ఆ ఖజానాకు శిస్తు కట్టింది, వెట్టి చేసింది కొండల్లో ఉన్నవాళ్లు. తెలుగు నేల మీద ఫిజిక్స్ పాఠాలకు పెట్టిన డబ్బులో మన తాతల చెమట ఉంది.

కాబట్టి ఆ కుర్చీ అడగడానికి ఎవరూ తల వంచుకోనక్కర్లేదు. ఈ వారమే పని మొదలుపెడదాం. సమాచార హక్కు దరఖాస్తు రాయడం వచ్చినవాళ్లు ఉండండి, రానివాళ్లు వాళ్ల పక్కన కూర్చోండి. కాగితాలు తెచ్చాం.

జోహార్.